బస్సుని దాచారు, మేస్త్రిని మరిచారు

1932లో నిజాం రైల్వే 27 బస్సులు, 166 మంది పనివాళ్లతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. ఆ కాలపు ఆల్బియన్ బస్సొకటి హైదరాబాద్ బస్ భవన్‌లో ముస్తాబై నిలబడింది. మంచిదే. నిజాం పేరు తెలుసు, కంపెనీ పేరు తెలుసు. ఆ 166 మందిలో ఎందరి పేర్లు మనకు తెలుసు? ఇనుముకి చరిత్ర ఉంది గానీ దాన్ని వంచిన చేతికి లేదా?

అన్నలారా, అక్కలారా! పేట చరిత్రంటే పొలం, వెట్టి, డప్పు, చెప్పు అనే అనుకుంటున్నాం. షెడ్డు కూడా మన చరిత్రే. లారీ, బస్సు కంపెనీ నుంచి వచ్చేది ఉత్త ఛాసిస్‌గానే. దానిమీద చెక్క బిగించి, రేకు కొట్టి, సీటు కట్టి బండిని చేసింది విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల పనివాళ్లు.

కుషన్ పనే తీసుకోండి. ఫోము రాకముందు సీటంటే స్ప్రింగులు, గోనెపట్టా, కొబ్బరి పీచు, పైన తోలో రెగ్జినో. స్ప్రింగుని ఎంత బిగించి కట్టాలో ఏ పుస్తకమూ చెప్పదు, వేలికి తెలుసు. ఆరె పట్టి చెప్పు కుట్టిన చేతికి ఆ పని పట్టుబడటంలో వింతేముంది? ఊళ్లో తోలు ముట్టాడని మనల్ని దూరం పెట్టిన దొరే, మనోడు కుట్టిన సీటుమీద కాలుమీద కాలేసుకుని కూచున్నాడు. సీటుకి అంటు లేదు కాబోలు!

1957లో మొదలైన అంబాసిడర్ 2014లో ఆగింది. బండికి వీడ్కోలు వ్యాసాలొచ్చాయి. టేపు పెట్టకుండానే ఆ సీటుకి రెగ్జిన్ కోసిన మేస్త్రి గురించి ఎవడు రాశాడు? హెల్పర్‌గా చేరినోడు, సర్టిఫికెట్ లేనోడు, పింఛను రానోడు. ఆయనతో పాటే పనిమాటలూ మట్టిలో కలుస్తాయి.

మీ పేటలో అలాంటి పెద్దాయన ఉంటే ఈ వారమే పోయి కూచోండి. ఏ ఏట చేరావు తాతా? మొదటి కూలి ఎంత? పని నేర్పారా, దాచారా? పేరుతో పిలిచారా, కులంతో పిలిచారా? మంచినీళ్ల గ్లాసు ఒకటేనా, రెండా? ఆ వేలు ఎట్లా పోయింది? ఇంట్లో కూచుని పీచు విప్పిన అవ్వల్ని కూడా అడగండి, వాళ్ల లెక్క ఏ షెడ్డు పుస్తకంలోనూ ఉండదు.

సెల్‌ఫోన్‌లో పట్టండి. ఆయన యాసలోనే రాయండి, తిడితే తిట్టుతో సహా. చదివి వినిపించి, సరేనన్నాకే మాకు పంపండి. పేరు వద్దంటే వేయం. వచ్చే సంచిక నుంచి రెండు పేజీలు ఈ మేస్త్రీలవి.