ఖడ్గము కట్టిన సౌధము

హైదరాబాదు పాతబస్తీ దక్షిణపు కొసను, కొండపై 32 ఎకరముల ఆవరణమున తెల్లగా వెలుగొందు ఫలక్‌నుమా సౌధము 2010 నుండి తాజ్ సంస్థవారి హోటలై దేశదేశముల యాత్రికుల నాహ్వానించుచున్నది. గుఱ్ఱపుబండిలో వచ్చి, గులాబీరేకుల జల్లులో మెట్లెక్కి, 101 మంది ఒక్క పంక్తిని భుజింపదగిన బల్లను, చెక్కడపు కప్పు గల గ్రంథాలయమును చూచి పరవశించు అతిథికి నిజాముల వైభవమే ఈ సౌధపు చరిత్రయంతయు నని తోచుట సహజము. పత్రికలవారమును ఆ బల్లను గూర్చియే పదేపదే వ్రాసితిమి. ఆ వైభవమునకు మూలమైన సైనికుని గూర్చి వ్రాసినది బహు స్వల్పము.

ఈ సౌధమునకు 1884లో పునాది వేయించిన నవాబు వికారుల్ ఉమరా పైగా వంశీయుడు. ఆ వంశపు మూలపురుషుడగు అబుల్ ఫతే ఖాన్ తేగ్ జంగ్ 18వ శతాబ్దమున రెండవ నిజామునకు సేనానియై, అశ్వదళములను పోషించుటకై జాగీరులను బడసెను. ప్రభువునకు అవసరమైన వేళ సేనను నడిపింపవలెనను బాధ్యతతో సంక్రమించిన ఆ గ్రామముల రాబడియే తరతరములు పేరుకొని, తుదకు ఇటలీ చలువరాయియై, వెనిస్ దీపగుచ్ఛమై ఈ కొండపై రూపుదాల్చినది. అందు రౌతు నెత్తురుతోపాటు రైతు చెమటయు కలదు. ఆ కట్టడపు వ్యయభారము నవాబునకే దుర్భరము కాగా, సౌధము ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ వశమయ్యెను.

కొండ దిగి చాంద్రాయణగుట్ట వైపు సాగినచో బార్కస్ వచ్చును. యెమెన్ దేశపు హద్రమౌత్ ప్రాంతమునుండి వచ్చి, నిజాము కొలువున కోశాగారములకును కోటలకును కావలి కాచిన అరబ్బు సైనికుల నివాసముగా వెలసిన పేట యది. 1948 సెప్టెంబరులో సంస్థానము భారతదేశమున కలిసిన పిమ్మట ఆ సేనలు రద్దు కాగా, తాతముత్తాతలనుండి ఆయుధమే జీవికయైన కుటుంబములు ఒక్కసారిగా వేఱు బ్రతుకుతెరువు వెదకుకొనవలసి వచ్చెను. నేడు నగరవాసులకు బార్కస్ అనగా తియ్యని జామపండ్లు, రంజాను వేళ హరీసు, పెండ్లి ఊరేగింపులలో మర్ఫా మ్రోతయు మాత్రమే. ఆ మర్ఫా ఒకనాడు సైనికుల వాద్యమని ఎరిగి వినువారెందరు?

నిజాము అశ్వదళమగు హైదరాబాదు లాన్సర్ల కథయు ఇట్టిదే. మొదటి ప్రపంచయుద్ధమున మైసూరు, జోధ్‌పూర్ రౌతులతో కలిసి ఒకే బ్రిగేడుగా ఈజిప్టు, పాలస్తీనా రంగములకు వారును తరలిరి. 1918 సెప్టెంబరు 23న హైఫా పట్టణమును అశ్వదాడితో గెలిచిన కీర్తి ప్రధానముగా తక్కిన రెండు సంస్థానములదే యైనను, ఢిల్లీ తీన్‌మూర్తి కూడలిలో 1922లో నెలకొల్పిన మూడు విగ్రహములలో ఒకటి మన హైదరాబాదు రౌతుది. మైసూరు లాన్సర్లకు బెంగుళూరులో స్మారకస్తంభము కలదు. జోధ్‌పూర్ తన దళపతి దళపత్ సింగును నేటికిని తలచుకొనుచున్నది. మన రౌతును మాత్రము రాజధానీ నగరపు వాహనముల రద్దీలో విడిచి, అతడు మావాడని చెప్పుకొనుటయే మానితిమి.

ఎవరి పక్షమున పోరిరి, ఆ పోరు న్యాయమా యను విచారణ చరిత్రకారులు చేయవలసినదే, చేయుచున్నదే. జీతమునకై ప్రాణమొడ్డిన సామాన్య సిపాయిని మఱచుటకు అది సాకు కారాదు.

కావున హోటలు నిర్వాహకులకు నా విన్నపము: సౌధమును త్రిప్పి చూపు వేళ బల్లతోపాటు ఈ సైనికాధ్యాయమును గూడ అతిథులకు వినిపింపుడు, లాన్సర్ల పేరిట ఒక శిలాఫలకమునకు చోటిండు. పర్యాటకశాఖవారు సంతోష్‌నగర్ చెంత పైగా సమాధులను, ఫలక్‌నుమాను, బార్కస్‌ను ఒకే యాత్రామార్గముగా కలుపవలెను. నిజాము సైన్యపు కొలువును కన్నులార చూచినవారు నేడు అత్యంత విరళము. మీ ఇంట తాతగారి పతకమో, కొలువు కాగితమో, ఛాయాచిత్రమో ఉన్నచో, చెదలకు వదలక ఈ ఏడే ప్రతి తీయించి గ్రంథాలయమునకో విశ్వవిద్యాలయమునకో అందజేయుడు.