గుడ్ మార్నింగ్ ఇంగ్లీషు చాలదు, రసీదు అడిగే ఇంగ్లీషు కావాలి

మన గేరి జనానికి ఇంగ్లీషు రాదని ఊరంతా అంటుంది. పచ్చి అబద్ధం. మంత్రాలయంలో లాడ్జి గదులు ఊడ్చే అక్కను అడగండి. రూము, బెడ్‌షీటు, బకెట్టు, లగేజీ, డ్యూటీ, షిఫ్టు - ఈ మాటలన్నీ బడిమెట్టు ఎక్కకుండానే నేర్చుకుంది. సుగ్గికి గుంటూరు మిరపచేలకు పోయే అన్నను అడగండి. అడ్వాన్సు, లోడు, ట్రిప్పు, కమీషను అంటాడు. బెంగుళూరులో బేల్దారి పనికి పోయినోనికి సెంట్రింగు, స్లాబు, కాంక్రీటు, హెల్పరు నోటికొచ్చిన మాటలే. ఇంత తెలిసినోళ్లను పట్టుకొని ఇంగ్లీషు రానోళ్లంటే ఎట్ల?

మనకు ఏ మాటలు చేరినాయి, ఏ మాటలు చేరలేదు - చూడాల్సిన లెక్క అది. మనతో పని చేయించుకునేదానికి కావలసిన మాటలు మన గేరి దాకా నడిచొచ్చినాయి. చేసిన పనికి లెక్క అడిగేదానికి కావలసిన మాటలు ఆఫీసు బీరువాలోనే ఉండిపోయినాయి. డ్యూటీ వచ్చింది, ఓవర్‌టైము రాలేదు. కటింగు వచ్చింది, ఎందుకు కోసినారో చెప్పే పే స్లిప్పు రాలేదు. ఫైను వచ్చింది, అప్పీలు రాలేదు. ఇది మన తెలివితక్కువతనమా? కాదు. మాటలు కూడా కులం చూసి గేరిలోకి వచ్చినాయి.

అడ్వాన్సు అనే ఒక్క మాట తీసుకోండి. మేస్త్రీ పండగ ముందర చేతిలో పెడతాడు. ఆ అప్పు తీరేదాకా వేరే పనికి పోకూడదు, అడిగిన కూలికి పని చేయాలి అని కట్టేస్తే దానికి చట్టంలో వేరే పేరుంది: బాండెడ్ లేబర్. తెలుగులో వెట్టి. 1976 చట్టం అట్లాంటి అప్పును రద్దు చేసింది, కట్టేసిన వానికి శిక్ష పెట్టింది. అడ్వాన్సు మాట మన పిల్లోళ్లకు కూడా తెలుసు. బాండెడ్ లేబర్ అనే మాట మనలో ఎందరికి తెలుసు? మొదటి మాట తెలిసి రెండోది తెలియకపోతే లాభం మేస్త్రీదే.

ఇంక బస్టాండులో అమ్మే స్పోకెన్ ఇంగ్లీషు పుస్తకాలు. తెరిస్తే ఏముంటుంది? గుడ్ మార్నింగ్ సార్. మే ఐ కమిన్ సార్. సారీ సార్. థాంక్యూ సార్. వంగి నిలబడేది మనకు కొత్తగా నేర్పాల్నా? తరతరాలుగా అదే నేర్పినారు కదా! అప్పుడు తెలుగులో దండం దొరా, ఇప్పుడు ఇంగ్లీషులో సారీ సార్. నడుము మాత్రం అట్లే వంగింది.

మంత్రాలయంలో అందరూ చెప్పుకునే కథ ఒకటుంది. 1800లో దత్తమండలాలు కుంపిణీ చేతికి వచ్చినాక కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో, మంచాల గ్రామం మఠం భూమి సంగతి తేల్చేదానికి వచ్చినాడనీ, బృందావనంలోంచి స్వామివారే ఆయనతో మాట్లాడినారనీ, భూమి మఠానికే నిలిచిందనీ అంటారు. జరిగిందా లేదా అనే తగాదా మనకొద్దు. భక్తుల నమ్మకం భక్తులది. నేనడిగేది ఒకటే. మన ఎకరా డి.కె.టి. పట్టా సంగతి తేలేనాడు మన తరపున కలెక్టరుతో మాట్లాడేదెవరు? ఏ బృందావనమూ పలకదు. మన నోరే పలకాల. మన కన్నే కాగితం చదవాల.

అందుకే మన ఇంగ్లీషు కాగితంతో మొదలు కావాల. మొదటి మాట అక్నాలెడ్జ్‌మెంట్. నోరు తిరగకపోతే రసీదు అనండి, కానీ అడగండి. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీకి మూలమైన 2005 చట్టం, పని అడిగిన 15 రోజుల్లో పని చూపాలనీ, చూపకపోతే నిరుద్యోగ భృతి ఇయ్యాలనీ రాసింది. తేదీ వేసిన రసీదు చేతిలో లేనోడు ఆ 15 రోజులు యాడ నుంచి లెక్కపెడతాడు? హక్కు చట్టంలో ఉండె, రుజువు బల్ల అవతల ఉండె.

రెండో మాట కాపీ. స్టేషన్లో కేసు పెట్టినాక ఎఫ్.ఐ.ఆర్. కాపీ మనకు ఊరికే ఇయ్యాల. అట్రాసిటీ చట్టానికి 2015లో చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమలైంది. మనం నోటితో చెప్పింది రాసుకొని, మనకు చదివి వినిపించి, ఆ తర్వాతే సంతకం తీసుకోవాలని అది పోలీసులకు విధి పెట్టింది. చదివి వినిపించకుండా వేలిముద్ర అడిగితే చెయ్యి వెనక్కి తీసుకోండి.

మూడో మాట డిడక్షన్. జీతంలోంచి కోసుకునేది. పి.ఎఫ్. కింద నూటికి 12 కోస్తే యజమాని కూడా తన వాటా కట్టాల. 12 అంకెల యు.ఎ.ఎన్. నంబరు నీదే, కంట్రాక్టరుది కాదు. అది నీ దగ్గర రాసి పెట్టుకో.

"మాతృభాషను చంపుతారా?" అని కొందరు పెద్దమనుషులు కండ్లనీళ్లు పెట్టుకుంటారు. వాళ్ల పిల్లలు ఏ మీడియంలో చదివినారో ముందు చెప్పమనండి. తెలుగు మీద మనకు ప్రేమ లేదా? 1966లో తెలుగును అధికార భాష చేస్తూ చట్టం వచ్చింది. కాగితం తెలుగులో ఇమ్మని అడిగే హక్కును వదలొద్దు. ఇచ్చేదాకా ఇంగ్లీషు కాగితం చదవడం మానొద్దు.

ఇంగ్లీషును దేవతను చేసి మొక్కేది కూడా మన పని కాదు. తమిళనాట పరై డప్పు కొట్టే కులం పేరును ఆ భాష ఎత్తుకుపోయి, 'పరయా' అంటే వెలివేసినోడు అని నిఘంటువులో రాసుకుంది. దానికీ అంటు తగిలింది. బాబాసాహెబ్ ఏం చేసినాడు? 1920లో మూక్‌నాయక్ పత్రికను తన జనం కోసం మరాఠీలో పెట్టినాడు. 1930లో లండన్ రౌండ్ టేబుల్ సమావేశంలో దొరలతో ఇంగ్లీషులో వాదించినాడు. మనోళ్లతో మన భాష, దొరతో దొర భాష. రెండూ ఆయనకు పనిముట్లే.

కార్యకర్తలారా! వారానికి ఒక రాత్రి అంబేద్కర్ భవనంలోనో, చెట్టు కిందనో కూర్చోండి. ఎవరింట్లో ఏ కాగితముంటే అది తెమ్మనండి - పాస్‌బుక్కు, పే స్లిప్పు, పట్టా, నోటీసు. చదివిన పిల్లలతో బిగ్గరగా చదివించండి. రోజు కూలి పోకుండా, పైసా ఖర్చు లేకుండా ఒక్కో రాత్రికి ఐదు మాటలు. ఏడాది తిరిగేసరికి రెండొందల యాభై దాటుతాయి.

సుగ్గికి పోయే బండి ఎక్కేముందర మేస్త్రీని అడ్వాన్సు ఎంతని మాత్రమే కాదు, రేటెంత, రసీదేది, బ్యాలెన్సు ఏనాడిస్తావని అడగండి. ఆ మాటలకు జవాబు చెప్పక తప్పని రోజు తెచ్చుకుందాం.

జై భీమ్!