ఇండ్లలో విషపు బిళ్లలు

వడ్లకు పురుగు పట్టినదనియో, అటకమీద ఎలుకలు తిరుగుచున్నవనియో, మంచమున నల్లులు చేరినవనియో అంగడికి పోయి నాలుగు బిళ్లలు తెచ్చి, బస్తాల సందున నుంచి, ఆ ప్రక్కగదిలోనే పిల్లలను పరుండబెట్టుకొను గృహస్థులు మనలో నున్నారు. ఆ బిళ్ల యెట్టిదో యెరిగి యెవ్వడును ఈ పని చేయడని మా విశ్వాసము.

దాని పేరు అల్యూమినియం ఫాస్ఫైడ్. 3 గ్రాముల బిళ్ల గాలిలోని తేమ తగిలిన కొలది పొడియై, సుమారొక గ్రాము ఫాస్ఫీన్ అను వాయువును విడుచును. ఆ వాయువు గాలికంటె కొంచెము బరువైనది. తలుపు సందులనుండియు, గోడ బీటలనుండియు, మురుగు గొట్టములనుండియు పొరుగింటికి సైతము పోగలదు. వెల్లుల్లి కంపో, కుళ్లిన చేపల కంపో కొట్టునందురు గాని, ఆ కంపును నమ్ముకొనరాదు; ప్రమాదకరమైన పాలున నున్నను ముక్కునకు తెలియకపోవచ్చును. దీనికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. మొదట వాంతులు, తలనొప్పి, రొమ్ము బిగియుట, ఆయాసము కలుగును. ఇంటివారు రాత్రి భోజనము వికటించినదని తలంచి, సోడా త్రాగి, మరల ఆ గదిలోనే పరుందురు. అచ్చటనే ప్రాణము పోవును.

గిడ్డంగిలో దీనిని వాడుట తప్పుగాదు. అచ్చట బస్తాల దొంతరను గాలి చొరని పటముతో కప్పి, అంచులను ఇసుక సంచులతో అదిమి, దినములతరబడి మూసియుంచి, పిమ్మట తెరచి గాలి యాడనిచ్చి, వాయువు మిగిలినదేమో కొలిచి చూచిన తరువాతనే మనుష్యులు ప్రవేశింపవలెను. మన వంటింటి ప్రక్క కొట్టులో వీనిలో ఏది జరుగుచున్నది?

శాసనము లేదా యందురేమో, కలదు. 1958లో కేరళమున పారాథయాన్ అను విషము కలిసిన గోధుమపిండి తిని నూరుగురికి పైగా మరణించిరి. తరువాత 1968లో కీటకనాశకముల శాసనమును, 1971లో దాని నిబంధనలును వచ్చినవి. 2001లో కేంద్ర ప్రభుత్వము ఈ బిళ్లలను పది, ఇరువది చొప్పున గొట్టములలో పెట్టి అమ్ముటను బొత్తిగా నిషేధించి, వీని వాడుకను ప్రభుత్వ సంస్థలకును, నిపుణుల పర్యవేక్షణ క్రింద పనిచేయు వృత్తిదారులకును పరిమితము చేసినది. ఇండ్లలో మందుకొట్టు వ్యాపారమునకు లైసెన్సు కావలెను. దానికి వ్యవసాయ పట్టమో, రసాయనశాస్త్రముతో కూడిన సైన్సు పట్టమో ఉండి, శిక్షణయు పొందియుండవలెను. ఆ విద్య గరపు సంస్థ హైదరాబాదు రాజేంద్రనగరముననే యున్నది. ఐనను డబ్బా తగిలించుకొని వచ్చినవానిని లైసెన్సు చూపుమని అడిగినవారెందరు? కూలి బేరమాడుటలో మనము చూపు శ్రద్ధలో పదవవంతు ఇందు చూపము.

మరియొక మాట. మా పాఠకులలో భూస్వాములు పెక్కురు. బిళ్లలు కొనునది వారు, పెట్టునది పాలేరు. వాని చేతికి తొడుగు లేదు, ముక్కునకు ముసుగు లేదు, డబ్బాపై నున్న అక్షరములు వానికి చదివి చెప్పువారు లేరు. ఖాళీయైన డబ్బా వాని యింటికి పోయి నూనెడబ్బా యగును. 2013 జులైలో బీహారు సారణ్ జిల్లాలోని బడిలో, మోనోక్రోటోఫాస్ అను పురుగుమందు కలిసిన నూనెతో వండిన మధ్యాహ్న భోజనము తిని 23గురు పసిబిడ్డలు మరణించిరి. ఖాళీ డబ్బాకు చిల్లుపొడిచి పాడుచేయక పారవేయువారు దీనిని మరువరాదు.

గింజలను చక్కగా ఎండబెట్టి, తేమను నూటికి 12, 13 పాళ్లకు దింపి, నేలకు తగులకుండ బల్లలపై నుంచినచో పురుగు చాలవరకు చేరదు. కందిపప్పునకు ఆముదము పట్టించుట మన యిల్లాండ్రకు క్రొత్త గాదు. ఎలుక దూరు కంతలను సిమెంటుతోను, కిటికీలను తీగవలతోను మూసి, రాత్రి అంట్లు మిగుల్చక, బోను పెట్టవలెను. ఇది శ్రమ, బిళ్ల సులభము. ఇదియే మన చిక్కు. వేపాకుతోనే సర్వము చక్కబడునని మేమనము. పెద్దరాశికి పురుగు పట్టినపుడు, నివాసమునకు దూరముగా, లైసెన్సుగలవాని చేతనే మందు పెట్టింపవలెను.

ఇంట నెవరికైన పైలక్షణములు కనిపించినచో తక్షణము అందరును ఆరుబయటికి రావలెను. బిళ్లలపై నీరు పోయరాదు. వైద్యునికి ఆ మందు పేరు మొదట చెప్పవలెను. వ్యవసాయశాఖాధికారులకు మా మనవి యొక్కటే. ఖరీఫు ధాన్యము ఇండ్లకు చేరకముందే అంగళ్లను తనిఖీ చేసి, ఈ బిళ్లలను చిల్లరగా అమ్మువారి లైసెన్సులను రద్దుచేసి, వారి పేర్లను ప్రకటింపవలెను.