బల్బు ఆయుష్షు ఎవరి చేతిలో?

నెదర్లాండ్స్ 1869లో పేటెంట్ చట్టాన్ని రద్దు చేసుకుంది. 1912 దాకా మళ్లీ తేలేదు. ఆ వెసులుబాటులోనే 1891లో ఐండ్‌హోవెన్‌లో జెరార్డ్ ఫిలిప్స్ అనే ఇంజనీరు, బ్యాంకరైన తండ్రి ఫ్రెడరిక్ డబ్బుతో బల్బుల కర్మాగారం పెట్టాడు. ఎడిసన్ తరహా కర్బన తంతువు దీపాలను అక్కడ చేసుకోవడానికి ఎవరికీ రాయల్టీ కట్టనక్కర్లేదు. నాలుగేళ్లకు తమ్ముడు ఆంటన్ వచ్చి చేరాడు. అన్న తయారీ చూసుకుంటే, రష్యా జార్ కొలువు దాకా వెళ్లి ఆర్డర్లు పట్టుకొచ్చింది తమ్ముడు.

స్వేచ్ఛా విపణి పెంచిన ఆ ఫిలిప్స్ సంస్థే 1924 డిసెంబరులో జెనీవాలో స్వేచ్ఛా విపణికి తలుపులు మూసింది. జర్మనీ ఓస్రామ్‌తో, మరికొన్ని దేశాల కంపెనీలతో కలిసి 'ఫీబస్' అనే కూటమి కట్టింది. ఏ దేశంలో ఎవరు ఎంత అమ్మాలో పంచుకున్నారు. అంతవరకు 1500, 2000 గంటలు కూడా వెలిగే బల్బు ఇకపై 1000 గంటలే వెలగాలన్నారు. నమూనాలను స్విట్జర్లాండ్‌లో పరీక్షించి, ఎక్కువ కాలం వెలిగే బల్బు చేసిన కంపెనీకి జరిమానా వేశారు.

ఇది పచ్చి దగా అనేవాళ్లు కాలిఫోర్నియాలోని లివర్‌మోర్ అగ్నిమాపక కేంద్రంలో 1901 నుంచి వెలుగుతున్న బల్బును చూపిస్తారు. అది ఇప్పుడిచ్చేది నాలుగు వాట్ల బల్బు పాటి మసక వెలుతురే. తంతువు ఎంత వేడెక్కితే అదే కరెంటుకు అంత ఎక్కువ కాంతి వస్తుంది, అంత త్వరగా మాడిపోతుంది. కరెంటు ఖర్చు లెక్కేస్తే 1000 గంటలన్నది మరీ అన్యాయమైన అంకె కాదు. కానీ అంత సబబైన లెక్కయితే జనానికే చెప్పి, ఏ బల్బు కావాలో వాళ్లనే ఎంచుకోనివ్వవచ్చు కదా! చాటుగా జరిమానాలెందుకు?

ఆ కూటమికి గట్టి సవాలు విసిరింది కొనేవాళ్లే. 1930ల తొలినాళ్లలో స్వీడన్ వినియోగదారుల సహకార సంఘాలు 'లూమా' పేరుతో సొంత కర్మాగారం పెట్టి బల్బులను చవగ్గా అమ్మసాగాయి. రెండో ప్రపంచ యుద్ధం వచ్చి ఫీబస్‌ను చెదరగొట్టింది.

మన దగ్గర ఎల్ఈడీ బల్బులను జనానికి చవగ్గా పంచిన ప్రభుత్వ 'ఉజాలా' పథకంలో జరిగిందీ అలాంటిదే: కొనేవాళ్లందరి తరఫున ఒక్కరే బేరమాడారు. ప్రభుత్వ సంస్థ ఈఈఎస్ఎల్ టోకున టెండర్లు పిలిచేసరికి 2014లో 310 రూపాయలున్న ఎల్ఈడీ బల్బు సేకరణ ధర 2016కల్లా 38 రూపాయలకు దిగింది. ఈ పంపిణీని ముందుగా అందుకున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

ధర దిగింది, సరే. మరి ఆయుష్షు? పెట్టె మీద తరచూ 25,000 గంటలని ఉంటుంది. రోజుకు ఆరు గంటల చొప్పున వాడినా పదకొండేళ్లు రావాలి. గ్యారంటీ మాత్రం అంతకన్నా చాలా తక్కువ కాలానికే. లోపలి ఎల్ఈడీ చిప్ నిక్షేపంలా ఉన్నా, దాన్ని నడిపే డ్రైవర్ సర్క్యూట్‌లోని కెపాసిటర్ వేడికి ఎండిపోయి చాలాసార్లు బల్బు పోతుంది. చాలా బల్బుల్లో డ్రైవర్‌ను విడిగా మార్చుకునే వీలే లేదు. పెట్టె మీద వేసిన గంటలకు తగ్గ గ్యారంటీ ఇవ్వాల్సిందేనని ప్రభుత్వం నిబంధన తేవాలి. తన టెండర్లలో ధరతో పాటు డ్రైవర్ మన్నికకూ మార్కులు వేయాలి.