చక్రం చిన్నదైతే ప్రయాణం సుఖం

1992లో అమెరికాలోని ఒక తెలుగు కుటుంబం నాలుగు సిలిండర్ల టొయోటా కామ్రీ కొన్నదంటే, ఆ కారు 14 అంగుళాల చక్రాలమీద ఇంటికి వచ్చేది. 2025 నాటి కామ్రీలో ప్రారంభ శ్రేణికి చెందిన ఎల్.ఇ. రకానికే 16 అంగుళాల చక్రాలు, ఖరీదైన ఎక్స్.ఎస్.ఇ. రకానికి 19 అంగుళాలవి. ఈ మధ్యకాలంలో ఇంజను నిశ్శబ్దమైంది, సీట్లు మెరుగుపడ్డాయి, ప్రమాద సమయంలో ప్రయాణికులకు రక్షణ పెరిగింది. అయినా ఇండియానుంచి వచ్చిన తల్లిదండ్రులను వెనుక సీటులో కూర్చోబెట్టుకొని వంద మైళ్ళు తీసుకుపోతే, “రోడ్డు ఇంత నున్నగా ఉన్నదే, ఈ కుదుపేమిటి నాయనా?” అని వారు అడగడం చాలా ఇళ్ళలో వినిపించే మాటే. కొందరు రోడ్డును నిందిస్తారు. కొందరు పెద్దవారి వయస్సును కారణంగా చెబుతారు. అసలు కారణం, చాలా సందర్భాలలో, తలుపు తెరవకముందే కళ్ళెదుట మెరుస్తూ కనిపిస్తుంది. అది పెద్ద రిమ్ము.

కుటుంబ ప్రయాణానికి కారు కొనేవారు, ఆ కారుకు తయారీదారు అనుమతించిన రిమ్ములలో అన్నిటికంటె చిన్నదానిని ఎంచుకోవడం మేలు. పెద్ద రిమ్ముల కారు ఇప్పటికే ఇంట్లో ఉంటే, తగిన జాగ్రత్తలతో చిన్నవాటికి మారడం వివేకమే అవుతుంది. ఇది పొదుపరితనం వల్ల చెప్పే మాట కాదు. దీనికి గట్టి శాస్త్రీయ కారణాలున్నాయి.

టైరు మీది అంకెల భాష

ప్రతి టైరు పక్కభాగం మీద 205/65 ఆర్ 16 వంటి అంకెలు ముద్రించి ఉంటాయి. మొదటి అంకె టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండవది, ఆ వెడల్పులో టైరు పక్కగోడ ఎత్తు నూటికి ఎంత వంతో తెలుపుతుంది. ‘ఆర్’ అనే అక్షరం టైరు రేడియల్ పద్ధతిలో నిర్మించబడిందని చెబుతుంది. చివరిది రిమ్ము వ్యాసం, అంగుళాలలో.

ఈ మూడు అంకెలతో హైస్కూలు విద్యార్థి కూడా లెక్క కట్టవచ్చు. కామ్రీ ఎల్.ఇ. టైరు పైన చెప్పిన 205/65 ఆర్ 16. దాని పక్కగోడ ఎత్తు 205లో నూటికి 65 వంతులు, అనగా 133 మిల్లీమీటర్లు. క్రిందా పైనా ఉన్న పక్కగోడలను రిమ్ము వ్యాసానికి కలిపితే మొత్తం చక్రం ఎత్తు 673 మిల్లీమీటర్లు. ఎక్స్.ఎస్.ఇ. టైరు 235/40 ఆర్ 19. దాని పక్కగోడ 94 మిల్లీమీటర్లు మాత్రమే. మొత్తం ఎత్తు 671.

ఈ లెక్కలోనే విషయమంతా ఇమిడి ఉన్నది. “పెద్ద చక్రం” అని అమ్ముతున్నది నిజానికి పెద్ద చక్రం కాదు. రెండింటి మొత్తం ఎత్తులో తేడా 2 మిల్లీమీటర్లే. పెరిగింది లోహం, తగ్గింది గాలి. రోడ్డుకూ రిమ్ముకూ మధ్య ఉండే గాలి మెత్త దాదాపు 30 శాతం పలుచబడింది. 1992 కామ్రీకి ఉండిన 195/70 ఆర్ 14 టైరు పక్కగోడ 137 మిల్లీమీటర్లని గుర్తుచేసుకుంటే, నాటి సుఖంలో కొంత ఎక్కడికి పోయిందో అర్థమవుతుంది.

గాలి చేసే పని

గాలి నింపిన టైరుకు రాబర్ట్ విలియం థామ్సన్ 1845లోనే పేటెంటు పొందాడు. కాని అది వ్యాప్తిలోకి వచ్చింది, బెల్ఫాస్టులో పశువైద్యుడుగా ఉన్న జాన్ బాయిడ్ డన్‌లప్ 1888లో తన కుమారుని మూడు చక్రాల సైకిలు కోసం తిరిగి దానిని రూపొందించిన తరువాతనే. ఒక పిల్లవాడికి కుదుపు తగ్గించాలన్న కోరికే నేటి టైరు పరిశ్రమకు పునాది వేసింది. టైరు పుట్టింది సుఖం కోసం. అందం కోసం కాదు.

తెలుగు పల్లెలలో పెరిగినవారికి దీని భావం వేరే చెప్పనక్కరలేదు. కొయ్య ఆకులు, ఇనుప పట్టా గల పాతకాలపు ఎడ్లబండి చక్రం మనిషి రొమ్ముదాకా వచ్చేది. అంత పెద్దది కనుక గుంటలను సులువుగానే దాటేది. కాని ఇరుసు మీద కూర్చున్నవానికి ప్రతి రాయీ తెలిసేది. తరువాత వచ్చిన టైరు బండి చక్రం అందులో సగం కూడా లేదు. అయినా సామానుకూ, ఎద్దుల మెడలకూ, బండి తోలేవానికీ అది సుఖాన్నిచ్చింది. ఇనుము స్థానంలోకి గాలి రావడమే అందుకు కారణం. నేటి కారు కొనుగోలుదారు ఆ దారిలో వెనక్కు నడుస్తున్నాడు. గాలిని తీసివేసి లోహాన్ని తెచ్చుకుంటున్నాడు.

“స్ప్రింగులూ, షాక్ అబ్సార్బర్లూ ఉన్నాయి గదా, టైరుతో పనేమి?” అనే ప్రశ్న సహజం. స్ప్రింగుల మీద కారు దేహం సెకనుకు సుమారు ఒకటి, ఒకటిన్నర సార్లు నెమ్మదిగా ఊగుతుంది. మెరక పల్లాలను అవి చక్కగా సర్దుతాయి. కాని వంతెన అతుకు, కాంక్రీటు పలకల సందు, తారు అతుకు వంటివి అట్టివి కావు. గంటకు 60 మైళ్ళ వేగంతో పోయే కారు చక్రం, 5 సెంటీమీటర్ల వెడల్పు గల గట్టును దాటడానికి సెకనులో వందవ వంతు కూడా పట్టదు. అంత స్వల్పకాలంలో బరువైన చక్రమూ స్ప్రింగూ పైకి లేచి దిగలేవు. ఆ దెబ్బను మ్రింగవలసింది టైరు ఒక్కటే. పక్కగోడ పొడవుగా ఉంటే వంగి, గట్టును తనలోనికి తీసుకుంటుంది. పొట్టిగా ఉంటే వంగడానికి చోటు లేక, దెబ్బను ఇరుసుకూ, అక్కడినుంచి సీటుకూ అందజేస్తుంది. పైగా పెద్ద రిమ్ము సాధారణంగా ఎక్కువ బరువుంటుంది. స్ప్రింగులకు దిగువన ఎంత బరువుంటే దానిని అదుపు చేయడం అంత కష్టం.

కూర్చున్న మనిషి శరీరం సెకనుకు 4 నుంచి 8 వరకు ఉండే నిలువు కంపనాలకు అత్యధికంగా స్పందిస్తుందని, వాటిని కొలిచే పద్ధతిని నిర్ణయించే ఐ.ఎస్.ఓ. 2631 ప్రమాణం గుర్తించింది. చిన్న రిమ్ము నడుము నొప్పికి మందు కాదు. కాని నొప్పి ఉన్నవారికి ప్రయాణం శిక్ష కాకుండా చూడడం ఇంటివారి చేతిలోని పని.

చలి, గుంట, రబ్బరు

రబ్బరు అణువులు పొడవైన గొలుసులు. 1839లో ఛార్లెస్ గుడ్‌యియర్ కనుగొన్నట్లు, గంధకంతో కలిపి వేడిచేస్తే ఆ గొలుసుల మధ్య వంతెనలు ఏర్పడి, సాగి మరల యథాస్థితికి వచ్చే గుణం రబ్బరుకు స్థిరపడుతుంది. ఈ గుణం ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది. చలి పెరిగేకొద్దీ గొలుసుల కదలిక మందగించి రబ్బరు బిరుసెక్కుతుంది. పెద్ద రిమ్ములతో తరచు వచ్చే వేసవి టైర్లు 7 డిగ్రీల సెల్సియస్‌కు దిగువన పట్టు కోల్పోవడానికి కారణమిదే.

మిషిగన్, ఇల్లినాయ్, న్యూజెర్సీ వంటి రాష్ట్రాలలో నివసించేవారికి దీనితోపాటు ఇంకొక బెడద ఉన్నది. తారు పగుళ్ళలోకి చేరిన నీరు గడ్డకట్టినప్పుడు దాని ఘనపరిమాణం 9 శాతం మేరకు పెరిగి రోడ్డును లోపలినుంచి చీలుస్తుంది. మంచు కరగగానే గుంట ఏర్పడుతుంది. పలుచని టైరు ఆ గుంట అంచును తాకితే, రబ్బరు రోడ్డుకూ రిమ్ముకూ నడుమ నలిగిపోతుంది. లోపలి దారాలు తెగి పక్కగోడ బుడగలా ఉబ్బుతుంది, రిమ్ము వంగుతుంది. ఆ ఉబ్బిన టైరును బాగుచేయడం సాధ్యం కాదు, మార్చవలసిందే. శీతల ప్రాంతాలలో అనుభవజ్ఞులైన డ్రైవర్లు చలికాలపు టైర్లను ఒక అంగుళం చిన్న రిమ్ములకు ఎక్కించుకోవడం అందుకే వాడుకలోకి వచ్చింది. చలికాలానికి మంచిదైన పని తక్కిన కాలాలకు చెడ్డదేమీ కాదు.

ఇంధనం విషయంలోనూ లాభమున్నది. 2023 టొయోటా ప్రియస్‌లో ముందు చక్రాలతో నడిచే ఎల్.ఇ. రకానికి 17 అంగుళాల రిమ్ములు. అమెరికా పర్యావరణ సంస్థ అంచనా ప్రకారం అది గ్యాలనుకు సగటున 57 మైళ్ళు ఇస్తుంది. అదే ఇంజను, 19 అంగుళాల రిమ్ములు గల పై రకాలు 52 మైళ్ళే ఇస్తాయి. వాటి బరువులో కొద్ది తేడా ఉన్నమాట నిజమే గాని, చక్రాల పాత్ర కాదనలేనిది. ఏడాదికి 12,000 మైళ్ళు తిరిగే ఇంటికి ఇది సుమారు 20 గ్యాలన్ల తేడా.

ఎదుటి వాదం

పొట్టి పక్కగోడకు గుణం లేకపోలేదు. మలుపులో అది తక్కువగా వంగుతుంది కనుక స్టీరింగు తిప్పగానే కారు స్పందిస్తుంది. వేగవంతమైన కార్లకు పెద్ద బ్రేకులు కావాలి. వాటిని ఇముడ్చుకోవడానికి పెద్ద రిమ్ము తప్పదు. చిన్న రిమ్ముకు మారినవారికి స్టీరింగు కొంత మెత్తబడినట్లు తోచడం సహజం. కాని పిల్లలను బడికి, పెద్దలను గుడికి తీసుకువెళ్ళే కారుకు పందెపు మైదానపు గుణం ఎందుకు? ఎన్నడో ఒకనాటి మలుపు కోసం నిత్యం కుదుపు భరించడం న్యాయమైన బేరం కాదు.

అలాగే అరిగిపోయిన షాక్ అబ్సార్బర్లకు చిన్న రిమ్ము చికిత్స కాదు. ముందు వాటిని పరీక్ష చేయించి, తరువాత చక్రాల సంగతి ఆలోచించాలి.

మార్చేటప్పుడు పాటించవలసినవి

కొందరు సుఖం కోసం టైర్లలో గాలి తగ్గిస్తారు. ఇది ప్రమాదకరం. గాలి తగ్గిన టైరు పక్కగోడ అతిగా వంగి, ప్రతి భ్రమణంలోనూ వేడెక్కి, హైవే వేగంలో పగిలిపోవచ్చు. గాలిని పెంచుకోవలసింది ఎత్తులో, ఒత్తిడిని తగ్గించుకోరాదు. ఉష్ణోగ్రత 10 డిగ్రీల ఫారెన్‌హీట్ పడిపోతే ఒత్తిడి దాదాపు 1 పి.ఎస్.ఐ. తనంతట తానే తగ్గుతుంది కనుక, చలికాలంలో నెలకొకసారైనా కొలవాలి.

రిమ్ము మార్చదలచినవారు మొదట కారు పుస్తకాన్ని, డ్రైవరు తలుపు చట్రం మీది చీటీని చూడాలి. అదే మోడలులో తక్కువ శ్రేణి కారుకు తయారీదారు ఏ కొలత ఇచ్చాడో తెలుసుకోవాలి. అది సాధారణంగా సరైన గమ్యం. అయినా తమ కారు బ్రేకుల మీద ఆ రిమ్ము ఇముడుతుందో లేదో బిగించి చూడక తప్పదు. బోల్టుల సంఖ్య, అవి అమరిన వలయపు కొలత, మధ్య రంధ్రం, రిమ్ము లోపలికి వెలుపలికి ఉండే దూరం సరిపోవాలి. మొత్తం చక్రం ఎత్తు పాతదానికి 3 శాతం లోపు తేడాతో ఉండాలి. లేనిచో స్పీడోమీటరు తప్పు చూపుతుంది. టైరు మోయగల బరువును తెలిపే సంఖ్య, వేగాన్ని తెలిపే అక్షరం తయారీదారు కోరినదానికి తగ్గరాదు. ఉదాహరణకు 91 అనే సంఖ్యకు ఒక్కొక్క టైరు 615 కిలోలు మోయగలదని అర్థం. బ్యాటరీ బరువు మోసే విద్యుత్ కార్లకు ఈ నియమం మరింత ముఖ్యం.

నాలుగు చక్రాలనూ ఒకేసారి మార్చాలి. 2007 సెప్టెంబరునుంచి అమెరికాలో తయారైన కొత్త కార్లన్నిటిలో టైరు ఒత్తిడిని హెచ్చరించే ఏర్పాటు తప్పనిసరి. కారును బట్టి, కొత్త రిమ్ములలోనూ ఆ సెన్సర్లు అమర్చుకోవలసి ఉంటుంది. వాడిన టైర్లు కొనేవారు పక్కగోడమీది చివరి నాలుగంకెలు చదవాలి: 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైనదని. లీజు కారైతే అసలు చక్రాలను దాచి ఉంచి, తిరిగి ఇచ్చేనాడు బిగించాలి. సొంత కారైతే వాటిని అమ్మి ఖర్చులో కొంత రాబట్టుకోవచ్చు.

ఎవరి కోసం కారు?

ఇంత తేలికైన విషయం ఆచరణలో కష్టం కావడానికి కారణం సాంకేతికమైనది కాదు. మంచి సీట్లు, మంచి పాటల యంత్రం, మంచి దీపాలు కావాలంటే పెద్ద రిమ్ములు కూడా తీసుకోవలసిందే అన్నట్లు అమ్మకందారులు శ్రేణులను కట్టకట్టి పెట్టారు. పెద్ద రిమ్ము హోదాకు గుర్తుగా మారింది. పార్కింగు స్థలంలో పక్క కారు చక్రాన్ని చూసి తన కారును అంచనా వేసుకునేవారు, ఆ చక్రం మీద ప్రయాణించేవారి నడుమును లెక్కలోకి తీసుకోవడం లేదు. కారు బయటి మెరుపు చూసేది ఇతరులు. లోపలి కుదుపు అనుభవించేది ఇంటివారు.

కనుక కారు కొనబోయే కుటుంబం రెండు పనులు చేయాలి. “ఇదే కారు చిన్న రిమ్ములతో దొరుకుతుందా?” అని దుకాణంలో నిస్సంకోచంగా అడగాలి. పరీక్షగా నడిపి చూసేనాడు, ఇంట్లోని పెద్దవారిని వెనుక సీటులో కూర్చోబెట్టి, నున్నని హైవే మీద కాక, నిత్యం తిరిగే అతుకుల రోడ్డు మీద నడపాలి. వారి మాట విన్న తరువాతనే సంతకం చేయాలి. అడిగేవారు పెరిగితే అమ్మేవారు మారక తప్పదు.