తంగేడు పువ్వుకు ఒక చూపు

పెత్రమాసకు రెండు రోజుల ముందు చుట్టాలింటికని ప్యాసింజరు రైల్లో రఘునాథపల్లి వెళ్లాను. జనగామ దాటాక కిటికీ పక్కన సీటు దొరికింది. వానలు బాగా పడ్డాయేమో, పట్టాల పొంటి, చెలక గట్ల మీద తంగేడు విరగబూసింది. ఆకు కనిపించనంత పసుపు! మధ్యమధ్య గునుగు తెల్లగా, కొసన గులాబీ రంగు అద్దినట్టు తలలూపుతోంది.

సాయంత్రం ఊరి బయటికి నడిచి, ఒక గట్టు దగ్గర నిలబడి ఫోన్‌తో ఫొటోలు తీయడం మొదలుపెట్టాను. చెలకలోంచి ఒక పెద్దావిడ వచ్చింది.

"ఏం బిడ్డా, గంతసేపటి సంది పువ్వునే చూస్తున్నవ్? తెంపుకపోరాదు?"

"ఫొటో తీసుకుంటున్న పెద్దమ్మా. మా పట్నంలో ఈ పువ్వును కొనుక్కోవాలె."

"తంగేడు పువ్వును కొనుడా!" అని నవ్వింది. అంతలోనే ఆ నవ్వు ఆగిపోయింది. "ఇక్కడ గూడ గంతే అయితది తియ్యి. రోడ్డు పొంటి జాగంత ప్లాట్లు చేసిండ్రు. మా చిన్నప్పుడు ఇంటెనక పొయ్యి గంప నింపుకొస్తుంటిమి. ఇప్పుడు మనుమరాలిని తోలుకొని ఇంత దూరం రావట్టె."

ఆ మాట నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు. నా ఆల్బంలో ఊటీ గులాబీలున్నాయి. నేను పుట్టిన గడ్డ మీద పూసే తంగేడు ఫొటో మాత్రం ఆ సాయంత్రం వరకూ ఒక్కటీ లేదు!

పువ్వును చూడడానికి ప్రయాణం చేయడం కొత్తేమీ కాదు. జపాన్‌లో చెర్రీలు పూసే రోజుల్లో పిల్లాపాపలతో వెళ్లి చెట్ల కింద చాపలు పరుచుకుని కూర్చుంటారు. టోక్యోలో ఒక చెట్టును గుర్తుగా పెట్టుకుని, దానికి అయిదారు పూలు విచ్చుకోగానే వాతావరణ శాఖ వాళ్లు 'పూత మొదలైంది' అని ప్రకటిస్తారు. క్యోటో నగరంలో పూత ఎప్పుడొచ్చిందో చెప్పే రాతలు దాదాపు 1200 ఏళ్ల నుంచీ ఉన్నాయి. 2021లో మార్చి 26కే పూత నిండుగా వచ్చేసరికి, ఇంత తొందరగా ఎన్నడూ రాలేదని లోకమంతా ఉలిక్కిపడింది. వాళ్లు తరతరాలుగా చూసి రాసి పెట్టుకున్నారు గనుకే ఆ తేడా తెలిసింది. మన దేశంలోనూ మున్నారు కొండల్లో పన్నెండేళ్లకోసారి పూసే నీలకురింజి కోసం 2018లో ఎక్కడెక్కడి నుంచో జనం వెళ్లారు. మహారాష్ట్రలోని కాస్ పీఠభూమికి వానాకాలం పూల కోసం వచ్చేవాళ్లు ఎక్కువై, రోజుకు ఇంతమందేనని హద్దు పెట్టాల్సి వచ్చింది.

మరి మన తంగేడు? తెలంగాణ రాష్ట్ర పుష్పమని గౌరవమిచ్చుకున్నాం. బతుకమ్మను 2014లో రాష్ట్ర పండుగ చేసుకున్నాం. పువ్వు పూసే జాగా గురించి మాత్రం ఆలోచించలేదు. తంగేడు బీడు భూముల్లో, గట్ల మీద పెరిగే పొద. బీడు చదును చేస్తే పొద వేళ్లతో సహా పోతుంది. గునుగు ఏటేటా విత్తనం రాలి మొలిచే మొక్క, రైతుకు అది కలుపు. మందు కొడితే మాడిపోతుంది. రైతును తప్పు పట్టలేం, ఆయన బాధ ఆయనది. కానీ ఒకప్పుడు పైసా ఖర్చు లేకుండా పేదింటి బతుకమ్మకూ ఉన్నింటి బతుకమ్మకూ సమానంగా దొరికిన పువ్వు, ఇప్పుడు అంగట్లో బేరమాడే సరుకైంది. నష్టం ఎవరికో మీకు వేరే చెప్పాలా?

"బతుకమ్మ అంటేనే పూలు తెంపి పేర్చేది కదా, తెంపొద్దంటే ఎలా?" అంటారేమో. తెంపొద్దనడం లేదు. పువ్వు తెంపితే పొదకేమీ కాదు, మళ్లీ పూస్తుంది. కొమ్మలు విరిచి, మొదలు నరికి బండికెత్తుకుంటేనే ముప్పు. గునుగైతే నాలుగు మొక్కలు విత్తనానికి వదిలేయాలి. ఊరి నర్సరీల్లో నీడనిచ్చే చెట్లతో పాటు తంగేడు నారు కూడా పెంచమని పంచాయతీలో అడగాలి. అడగాల్సింది మనమే, పండుగ మనది గనుక!

ఫొటో తీసేవాళ్లకూ ఒక మాట. పువ్వు కోసం పెసర చేను తొక్కకండి. చెలక ఎవరిదో వాళ్లనొక్క మాట అడగండి. కాదనరు, పైగా పువ్వు పేరూ దాని కథా చెబుతారు. తీసిన తేదీ, ఊరు రాసి దాచుకోండి. పదేళ్ల తర్వాత మీ అమ్మాయికి అది ఉట్టి బొమ్మ కాదు, లెక్క.

ఇంటి పని, ఆఫీసు పని తెమల్చుకుని పువ్వును చూడడానికి పోతానంటే "ఇంతకన్నా పనేమీ లేదా?" అనేవాళ్లు ఇంట్లోనే ఉంటారు. ఉండనివ్వండి. ఈ పెత్రమాసకు ఒక పూట ఊరి బయటికి నడవండి, పిల్లలను కూడా తీసుకెళ్లండి. ముందు తనివితీరా చూడండి. తర్వాత ఫొటో తీయండి. ఆ తర్వాతే తెంపండి, వచ్చే ఏటికి కొంత మిగిల్చి!