ఊరి అనుమానమే నిజమని చప్పట్లు కొడదామా?

2023 నవంబరులో, దీపావళికి కొద్ది రోజుల ముందు, నిజామాబాదులో ‘మా ఊరి పొలిమేర 2’ చూశాను. మా చిన్నమ్మ బిడ్డలిద్దరూ పట్టుబడితే వెళ్లాను. హాలు దాదాపు నిండింది. ఇంటర్వెల్‌లో సమోసాల దగ్గర నిలబడి చుట్టూ వినబడే మాటలు విన్నాను. పరిశోధన చేసేవాళ్లకి అదో జబ్బు. “ఫస్ట్ పార్టంత భయం లేదురా.” “లాజిక్ ఎక్కడుంది?” “అరే, ట్విస్టులు మాత్రం అదిరినయ్.” “చిన్న సినిమా అయినా మంచిగ తీసిండ్రు.” సినిమా అయిపోయి బయటికి వస్తుంటే మా ముందు నడుస్తున్న ఒకాయన భార్యతో అన్నాడు: “మన ఊర్లల్ల జరిగేదే చూపెట్టిండు.” ఆవిడ ఏమీ అనలేదు. పిల్లవాణ్ణి చంకనేసుకుని మెట్లు దిగిపోయింది.

ఆ మాటలన్నింటిలో నన్ను వదలనిది ఆ చివరి మాటే. ఈ వ్యాసం దాని గురించే.

సినిమా చూడనివాళ్ల కోసం నాలుగు మాటలు. అనిల్ విశ్వనాథ్ దర్శకత్వంలో ‘మా ఊరి పొలిమేర’ 2021 డిసెంబరులో థియేటర్లకి రాకుండా నేరుగా హాట్‌స్టార్‌లో వచ్చింది. పెద్ద హీరో లేడు, పెద్ద ఖర్చు లేదు. సత్యం రాజేష్ ఆటో నడుపుకునే కొమిరిగా వేశాడు. ఊళ్లో మరణాలు జరుగుతాయి. చేతబడి అంటారు. వేళ్లన్నీ కొమిరి వైపు తిరుగుతాయి. ఊరి అనుమానం నిజమేనని కథ తేలుస్తుంది. అంతేకాక, చచ్చాడనుకున్న కొమిరి బతికే ఉన్నాడని చివర్లో చూపించి రెండో భాగానికి తలుపు తెరిచిపెడుతుంది. నోటి మాటతోనే అది జనంలోకి వెళ్లింది. కాబట్టే 2023 నవంబరు 3న రెండో భాగం థియేటర్లలో విడుదల కాగలిగింది. ప్రేక్షకుల అభిప్రాయమే ఈ సినిమాకి పెట్టుబడి. అందుకే ఆ అభిప్రాయంతో పేచీ పెట్టుకోవాలనుకుంటున్నాను.

ఈ సినిమా గురించి ఎవరినడిగినా రెండు మాటలు చెప్తారు. ఒకటి, “చాలా సహజంగా ఉంది, మన పల్లెల్ని చూసినట్టే ఉంది.” రెండోది, మనం ఏదైనా అభ్యంతరం చెప్పగానే వచ్చేది: “సినిమాని సినిమాలాగా చూడాలి మేడమ్.” ఈ రెండూ ఒకే నోటి నుంచి ఒకే నిమిషంలో వస్తాయి. మెచ్చుకోవడానికి అది మన ఊరు. జవాబు చెప్పాల్సి వచ్చినప్పుడు అది ఉత్త కథ. మన ఊరే అయితే ఊరి గురించి మాట్లాడదాం. ఉత్త కథే అయితే సహజమన్న పొగడ్త వెనక్కి తీసుకోండి. రెంటిలో ఏదో ఒకటి ఎంచుకోమంటే మాత్రం ఎవరూ ఎంచుకోరు.

నాకు ఎంచుకునే వెసులుబాటు లేదు. మా నాయనమ్మ వాళ్లది బోధన్ పక్కన చెరుకు పండించే ఊరు. నాయనమ్మ చెల్లెల్ని మేమంతా చిన్నవ్వ అనేవాళ్లం. ఆమెకి ముందు పళ్లు పైన నాలుగు, కింద మూడు లేవు. ముసలితనం వల్ల ఊడాయనుకునేదాన్ని. నా పదో తరగతి సెలవుల్లో అడిగితే, చాటలో బియ్యం చెరుగుతూ చాలా మామూలుగా చెప్పింది: “పండ్లుంటె మంత్రం పలుకుతదట బిడ్డా. పండ్లు లేకుంటె అచ్చరాలు జారిపోతయట. అందుకని రాలగొట్టిండ్రు.”

1980ల్లో జరిగిందది. అప్పటికి చిన్నవ్వకి ముప్పై అయిదేళ్లుంటాయి. పెనిమిటి పోయి రెండేళ్లు. పిల్లల్లేరు. ఎకరంన్నర చెరుకు. శక్కర్‌నగర్‌లోని నిజాం షుగర్స్ నుంచి కటింగ్ ఆర్డరు ఆమె పేరు మీదే వచ్చేది. వాడలో ఒక పసిపిల్లకి జ్వరం వచ్చి తగ్గలేదు. పిల్ల పోయింది. ఆ వారమే రెండు బర్రెలు కూడా పోయాయి. పొద్దు గూకినంక చిన్నవ్వ పొలిమేర దగ్గర కనిపించిందని ఎవరో అన్నారు. ఆమె పొలమే పొలిమేర దగ్గరుంది, అక్కడ కాక ఇంకెక్కడ కనిపిస్తుంది? ఈ ప్రశ్న ఆనాడు ఎవరూ అడగలేదు. గుండుతో పళ్లు రాలగొట్టారు. కొట్టినవాళ్లలో ఆమె మరుదులు ఉన్నారు. మరుసటి సీజనుకి కటింగ్ ఆర్డరు పెద్ద మరిది పేరు మీద వచ్చింది. చిన్నవ్వ మా నాయనమ్మ ఇంటికొచ్చి చేరి, చచ్చేదాకా అక్కడే ఉంది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. ఆ ఏడే ఆమె కూడా పోయింది.

ఇప్పుడు చెప్పండి, ఆ ట్విస్టుకి నేను చప్పట్లెలా కొట్టను? ప్రేక్షకులు అదిరిందంటున్నది సరిగ్గా దేన్ని? ఊరు ఒక మనిషిని అనుమానించింది, ఆ అనుమానం నిజమైంది. కథనంగా చూస్తే అది తెలివైన మలుపే. అమాయకుణ్ణి ఊరు బలి తీసుకుంటోందేమోనని మనల్ని కాసేపు జాలిపడనిచ్చి, తర్వాత మన జాలిని చూసి నవ్వుతుంది. కానీ గుండు పట్టుకున్న ప్రతి మరిదీ నమ్మేది కూడా ఆ మలుపునే: మా అనుమానం నిజమే, రుజువు తర్వాత దొరుకుతుంది. చిన్నవ్వ కథలో రుజువు ఎప్పటికీ దొరకలేదు. ఎవరికీ అక్కర్లేకపోయింది కూడా. సీక్వెల్ మాత్రం వచ్చింది. ఆమె మా ఊరికి వచ్చాక ఇక్కడ కూడా ఎవరి పిల్లకైనా జ్వరమొస్తే గుసగుసలు మొదలయ్యేవని మా అమ్మ చెప్తుంది. నా చిన్నప్పుడు నన్ను ఆమె పక్కలో పడుకోనివ్వవద్దని హితవు చెప్పినవాళ్లు మా సొంత చుట్టాలే.

ఇది పాతకాలపు సంగతి అనుకునేవాళ్లు హైదరాబాదు నుంచి నిజామాబాదుకి జాతీయ రహదారి మీద వస్తూ రామాయంపేట దగ్గర ఒక్క నిమిషం ఆలోచించండి. ఆ మండలంలోని కాట్రియాల్‌లో 2024 అక్టోబరులో, బతుకమ్మ పండుగ రోజుల్లో, మంత్రాల నెపంతో ఒక స్త్రీని కొట్టి, నిప్పంటించి చంపారు. 2022 జనవరిలో జగిత్యాలలో ఇదే నెపంతో ఒక తండ్రినీ ఇద్దరు కొడుకులనూ పొడిచి చంపారు. మగవాళ్లూ చస్తున్నారు, కాదనను. సినిమాలో కొమిరి కూడా మగవాడే. కానీ పెనిమిటి లేని ఆడది, పిల్లల్లేని ఆడది, ఒంటరిగా పొలం చేసుకునే ఆడది మీద పడటానికి అనుమానానికి ఒక్క జ్వరం చాలు. సిల్వియా ఫెడెరిచి 2004లో వచ్చిన ‘కాలిబన్ అండ్ ద విచ్’లో, ఐరోపాలో మంత్రగత్తెల వేటకీ ఉమ్మడి భూములు చేతులు మారడానికీ ఉన్న సంబంధం గురించి రాసింది. అది చదివినప్పుడు నాకు కొత్తగా అనిపించలేదు. కటింగ్ ఆర్డరు గుర్తొచ్చింది.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఈ సినిమా చూసి ఎవరో ఎవరినో చంపారని నేను అనడం లేదు. చిన్నవ్వ పళ్లు రాలగొట్టినవాళ్లు ఏ సినిమా చూసి ఆ పని చేశారు? దీన్ని నిషేధించాలనీ అనను. నిషేధం అడిగేవాళ్ల చేతికి కత్తెర ఇస్తే ముందు తెగేవి మన రాతలే. భయపడటంలో ఉన్న సరదా నాకూ తెలుసు, ఆ చీకట్లో మా చెల్లెలి చెయ్యి గట్టిగా పట్టుకున్నదాన్నే. నేనడిగేది విమర్శ. ఇన్ని స్టార్లు, ఇంత రేటింగు, ‘సెకండాఫ్ కొంచెం సాగింది’ అనే దగ్గర ఎందుకు ఆగిపోతున్నాం?

ఒకప్పుడు మనం ఆగలేదు. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ని జనం వారం వారం ఎదురుచూసి చదివారు. దానికి ‘తులసి’ అనే కొనసాగింపు వచ్చింది, దాన్నుంచి 1986లో ‘కాష్మోరా’ సినిమా వచ్చింది. చేతబడి సీక్వెళ్లు మనకి కొత్త కాదు. ఆ నవల మీద రంగనాయకమ్మ ‘తులసిదళం కాదు, గంజాయి దమ్ము’ అని ఒక పుస్తకమే రాసింది. వ్యవహారం పరువునష్టం దావా దాకా వెళ్లింది. ఆమె వాదనలన్నీ మనం ఒప్పుకోనక్కర్లేదు. కానీ లక్షలమంది చదివే చవక భయాన్ని చదవదగ్గదిగా, జవాబు చెప్పదగ్గదిగా ఒక రచయిత్రి భావించింది. ఈ రోజు మనలో ఎవరం ఆ పని చేస్తున్నాం? మన సెమినార్లలో బార్బరా క్రీడ్ చెప్పిన రాక్షస స్త్రీ గురించి, హాలీవుడ్ భయానక చిత్రాల్లో చివరిదాకా బతికే అమ్మాయి గురించి పత్రాలు చదువుతాం. నేనూ చదివాను, సర్టిఫికెట్లు ఉన్నాయి. పొలిమేర గురించి పత్రం రాస్తానంటే మాత్రం, “అది మరీ బీ గ్రేడు కదా” అని ఒక పెద్దావిడ నవ్వేసింది. నాకూ సిగ్గేసి ఊరుకున్నాను. ఆ సిగ్గు కూడా పొలిమేరే. దానికి అవతల మన అమ్మలు, అక్కలు సినిమాలు చూస్తుంటారు. ఇవతల మనం సిద్ధాంతాలు చూస్తుంటాం.

అవతల ఏమనుకుంటున్నారో అడుగుదామని మా వాడలో బీడీలు చుట్టే ఆడవాళ్ల దగ్గర కూర్చున్నాను. నిజామాబాదు జిల్లాలో బీడీ చుట్టని వాడ వెతకాలి. నలుగురు ఒకచోట చేరి, ఒడిలో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరిస్తూ ఫోన్లో సినిమా పెట్టుకుంటారు. రెండు భాగాలూ చూశారు. “మంచిగున్నది” అన్నారు. మరి చేతబడి నిజమేనా అంటే ఒకామె చేతిలో పని ఆపకుండా అంది: “మంత్రాలే పనిచేస్తె మా టేకేదారు ఇన్నేండ్ల సంది మంచిగెట్లున్నడు అక్కా?” అందరూ పడీపడీ నవ్వారు. కాసేపయ్యాక వాళ్లలో పెద్దామె, పేరు అడగొద్దన్న ఆమె, మెల్లగా అంది: “సిన్మల అసలోడు దొర్కుతడు. ఊర్లె అయితె ఎవలు దొర్కితె వాళ్లే.” ఇంతకంటే మంచి సమీక్ష నేను ఏ పత్రికలోనూ చదవలేదు. సినిమాలో దోషి ఉంటాడు గనక ఊరు న్యాయమైనదవుతుంది. ఊళ్లో దోషి ఉండడు. దొరికినామె ఉంటుంది. చదువులేని ప్రేక్షకులు ఏది చూపిస్తే అది నమ్ముతారని మనం బెంగపడుతుంటాం. వాళ్లు సినిమాకీ ఊరికీ తేడా చెప్పగలుగుతున్నారు. “మన ఊర్లల్ల జరిగేదే” అన్న ఆ పెద్దమనిషికే ఆ తేడా తెలియలేదు.

చివరికి ఇంకో పొలిమేర గురించి. బోధన్ నుంచి సాలూర మీదుగా వెళ్లి మంజీర వంతెన దాటితే మహారాష్ట్ర. 2013 ఆగస్టులో పుణేలో నరేంద్ర దభోల్కర్‌ని కాల్చి చంపాక, ఆ ఏడు చివర్లో అక్కడ చేతబడి, నరబలి వంటి దురాచారాల మీద చట్టం వచ్చింది. కర్ణాటకలో 2017లో వచ్చింది. బీహారులో 1999లోనే వచ్చింది. వంతెనకి ఇవతల మనకి అలాంటి ప్రత్యేక చట్టం లేదు. చంపితే హత్య కేసు. పళ్లు రాలగొడితే దెబ్బల కేసు, అదీ పెడితే. ‘మంత్రాలు చేస్తది’ అని ఒక స్త్రీని ఊరు ఊరంతా వేలెత్తి చూపడాన్నే నేరంగా పట్టుకునే మాట మన చట్టంలో రావాలి. చట్టం ఒక్కటే సరిపోదని మహారాష్ట్ర స్త్రీలే చెప్తారు. అయినా కావాలి. దానికోసం అర్జీలు రాసే సంఘాలతో పాటు మనమూ సంతకం పెట్టాలి.

మూడో భాగం కూడా తీస్తామని ప్రకటించారు. వస్తే తప్పకుండా చూస్తాను. ఈసారి మా చెల్లెళ్లతో పాటు ఆ బీడీల పెద్దామెనీ తీసుకెళ్తాను. తర్వాత కూర్చుని రాస్తాను, బీ గ్రేడని ఎవరు నవ్వినా సరే. మీరూ చూడండి. మీ ఇళ్లల్లో ముందు పళ్లు లేని ముసలామె ఎవరైనా ఉంటే, అవి ఎట్లా పోయాయో ఒకసారి అడిగి, అప్పుడు రాయండి.